పాటల పెట్టెతో పయనము

సుమారు పదునైదేండ్ల క్రిందట, నేను ప్రధానోపాధ్యాయుడుగా పనిచేయుచున్న దినములలో, ఎనిమిదవ తరగతి బాలబాలికలను “పెద్దయైన పిమ్మట నేనేమి కాగోరుదును?” అను విషయముపై వ్యాసము వ్రాయుడని అడిగితిని. కొందరు వైద్యులు కాదలచిరి, కొందరు ఇంజనీర్లు, ఒకరిద్దరు కలెక్టర్లు. వెనుక బల్లపై కూర్చుండు ఒక బాలుడు మాత్రము తాను డీజే కాగోరుచున్నాననియు, ఊరూర తిరిగి జనులకు సంగీతము వినిపింతుననియు, తన సంగీతమును తానే రికార్డులుగా వేయింతుననియు వ్రాసెను. నేను దానిని తరగతిలో బిగ్గరగా చదివితిని. పిల్లలందరు గొల్లున నవ్విరి. చెప్పుటకు సిగ్గగుచున్నది, నేనును నవ్వితిని. పదింటికి నాలుగు మార్కులు వేసి, “ఇది వృత్తి కాదు” అని ఎఱ్ఱ సిరాతో వ్రాసి పుస్తకమును వానికిచ్చితిని. వాడు మారు పలుకక తన చోట కూర్చుండెను. ఆ సంవత్సరమంతయు నా తరగతిలో వాడు మరల నోరు విప్పలేదు.

పదవీ విరమణానంతరము నాకు తీరిక చిక్కినది. ఆ బాలుడు వ్రాసినదేమో తెలిసికొనవలెనను తలంపు పుట్టినది. తెలిసికొన్నకొలది నా ఎఱ్ఱ సిరా నన్నే వెక్కిరించినట్లు తోచినది. ఆనాడు వానికి నేను చెప్పవలసి యుండిన సమాధానమును ఇప్పుడు మీకు చెప్పుచున్నాను.

నా బాల్యము కావలిలో గడచినది. 1960ల చివరను, ఆ తరువాతి కొన్ని యేండ్లలోను మా ఊర పెండ్లి యన్నచో పందిరి వేయుటకు ముందే మైకుసెట్టు వచ్చెడిది. ట్రంకు రోడ్డు ప్రక్క సందులో ఒక సాయిబు గారికి మైకుసెట్ల దుకాణ ముండెడిది. చుట్టుప్రక్కల పల్లెలకు, తుమ్మలపెంట మొదలుగాగల సముద్రతీరపు పాలెములకు ఆయన రెండెద్దుల బండిమీద వెళ్లెడివాడు. బండిలో ఒక బ్యాటరీ, ఒక ఆంప్లిఫయరు, రెండు గొట్టపు మైకులు, ఒక రికార్డు ప్లేయరు, తాళము వేసిన ఒక చెక్కపెట్టె ఉండెడివి. ఆ పెట్టెలో రికార్డులు! దానిని ముట్టుటకు ఎవ్వరికిని అధికారము లేదు. గొట్టములను తాటిచెట్టునకో, వేపచెట్టునకో కట్టి, ఆయన ముల్లును రికార్డుపై మెల్లగా దింపగానే రెండు మైళ్ల దూరము వఱకు పాట వినవచ్చెడిది.

మేము పిల్లలము పెండ్లికొడుకును చూచుట మాని ఆయన చుట్టును మూగెడివారము. ఏ సమయమునకు ఏ పాట వేయవలెనో ఆయనకు తెలియును. తెల్లవారుజామున భక్తిపాట, మగపెండ్లివారు దిగినప్పుడు హుషారైన పాట, పెండ్లికూతురు అత్తవారింటికి తరలునప్పుడు ఏ పాట వేసిన ముత్తయిదువలు కన్నుల నొత్తుకొందురో అదియును ఆయనకు తెలియును. కాని ఆయనకొక చిక్కుండెడిది. ప్లేయరు ఒక్కటే. ఒక పాట ముగిసిన పిమ్మట ముల్లు ఎత్తి, రికార్డు తీసి, కాగితపు సంచిలో పెట్టి, మరియొకటి వెదకి, తుడిచి, పెట్టువఱకు ఊరంతయు నిశ్శబ్దము. ఆ అర నిమిషములో పందిరిలోని వారు తమ తగవులను జ్ఞాపకము చేసికొనెడివారు. “సాయిబు మామా! త్వరగా వేయుము” అని మేము గోల చేసెడివారము.

ఆ అర నిమిషపు నిశ్శబ్దమును తొలగించుటే డీజే విద్యకు మొదటి మెట్టు.

డీజే అనునది రెండు ఆంగ్ల పదముల తొలి యక్షరముల కూర్పు. మొదటిది డిస్కు, అనగా గుండ్రని బిళ్ల. ఇక్కడ గ్రామఫోను రికార్డు. రెండవది జాకీ, అనగా పందెపు గుఱ్ఱమును స్వారి చేయు రౌతు. రికార్డులను గుఱ్ఱములవలె నడుపువాడని భావము. ఈ పేరు మొదట అమెరికాలో రేడియోలో రికార్డులు వేసి వినిపించువారికి వచ్చినది. మీ తాతలను, అవ్వలను అడిగి చూడుడు. రేడియో సిలోనులో మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు కార్యక్రమములను వారు ఎంత శ్రద్ధతో వినెడివారో చెప్పుదురు. పాట పాడినవారు వేఱు, పాటను ఎన్నుకొని మన చెవికి చేర్చినవారు వేఱు. ఎన్నిక కూడ ఒక కళయే.

ఇక నృత్యశాలలలోని డీజే సంగతి. ఆతని ముందు ఒకటి కాదు, రెండు ప్లేయర్లుండును. నడుమ మిక్సరు అను చిన్న యంత్రము. ఒక ప్లేయరుపై పాట జనులకు వినబడుచుండగా, రెండవదానిపై రానున్న పాటను ఆతడు హెడ్‌ఫోనులో తానొక్కడే వినుచుండును. మొదటిది ముగియకముందే రెండవదానిని దానిలో కలుపును. ఆడువారి అడుగు ఆగదు.

ఇది సులభమని తలపకుడు. మొదటి పాటలో నిమిషమునకు 124 దరువులు, రెండవదానిలో 120 దరువులు ఉన్నవనుకొందము. రెండును ఒకేసారి మొదలైనచో, 15 సెకండ్లలో మొదటిది 31 దరువులు వేయును, రెండవది 30 మాత్రమే వేయును. నడుమ ఏడున్నర సెకండ్ల వద్ద ఒకదాని దరువు రెండవదాని రెండు దరువుల సరిగా మధ్య పడి, బండి చక్రము గతుకులో దిగినట్లుండును. కావున రెండవ రికార్డును నూటికి మూడు వంతులకు కొంచెము మించి వేగముగా త్రిప్పవలెను. 124ను 120తో భాగించి చూచినచో మీకే తెలియును. ఈ పనికి అనువైన ప్లేయరును జపానులోని మత్సుషిత కంపెనీ 1972లో టెక్నిక్స్ ఎస్.ఎల్. 1200 అను పేర విడుదల చేసెను. అంతకు ముందు అనేక ప్లేయర్లలో మోటారు రబ్బరు పట్టీతో పళ్లెమును త్రిప్పెడిది. పట్టీ జాఱును, సాగును. ఇందులో మోటారే పళ్లెమును నేరుగా త్రిప్పును. 1979 నాటి రెండవ తరము ప్లేయరులో వేగమును నూటికి ఎనిమిది వంతుల వఱకు హెచ్చించుటకును తగ్గించుటకును ఒక జరుపుడు మీట అమర్చిరి. ఇండ్లలో వినుటకని చేసిన ఆ యంత్రము ప్రపంచమందలి డీజేల వాద్యమైనది. వేగము సరిచేసినంత మాత్రమున చాలదు. దరువు దరువుతో కలిసి పడునట్లు చేతితో రికార్డును ఇంచుక నెట్టవలెను, లేదా వేలితో నిలుపవలెను. మృదంగ విద్వాంసుడు గాయకుని పల్లవిని ఎడుపు తప్పక అందుకొనుట మీరు చూచియుందురు. ఈ విద్యయు అట్టిదే. సంవత్సరముల సాధన లేనిదే రాదు.

మన మైకుసెట్టు సాయిబు గారికి సరిగా తోబుట్టువులని చెప్పదగినవారు భూగోళమునకు ఆవలివైపున ఉండిరి. వెస్టిండీసులోని జమైకా ద్వీపమున, రాజధాని కింగ్‌స్టనులో, 1950లలో సౌండ్ సిస్టము అను పేర ఇట్టి వ్యాపారమే నడచెను. పెద్ద స్పీకరు పెట్టెలను లారీలపై వేసికొని, పేటపేటకు పోయి, ఆరుబయట రికార్డులు వేసి, ప్రవేశపు రుసుము తీసికొనెడివారు. వారిలో ఇద్దరు ప్రసిద్ధులు. డ్యూక్ రీడ్ మొదట పోలీసు ఉద్యోగి. క్లెమెంట్ డాడ్ అమెరికా పొలములలో కూలి చేయుటకై వెళ్లి, తిరిగి వచ్చునప్పుడు రికార్డులు కొనితెచ్చినవాడు. వీరిరువురి మధ్య పోటీ ఎంతటిదనగా, తమ యొద్దనున్న మంచి రికార్డు పేరు ప్రత్యర్థికి తెలియకుండుటకై దాని నడుమ అంటించియున్న కాగితమును గీకివేసెడివారు!

ఆ కాగితమునకే లేబులని పేరు. కాలక్రమమున ఆ కాగితముపై పేరు అచ్చువేసికొను సంస్థకు కూడ లేబులనియే పేరు వచ్చినది. పుస్తకములకు ప్రకాశకుడెట్టివాడో, సంగీతమునకు లేబులట్టిది. డాడ్, రీడ్‌లకు అమెరికా నుండి క్రొత్త రికార్డులు వచ్చుట తగ్గినప్పుడు, తమ ఊరి గాయకులచేతనే పాడించి, తామే రికార్డులు వేయించుకొనసాగిరి. డాడ్ 1963లో స్టూడియో వన్ అను తన సొంత శాలను తెఱచెను. రేపటి సభలో వినిపించుటకు నేడు రికార్డు చేయుట; జనులు మెచ్చినచో దానిని అచ్చువేసి అమ్ముట. ఊరూర తిరుగువాడే ప్రకాశకుడు కూడ నగుట ఇట్లు మొదలైనది.

కింగ్‌స్టనులో పుట్టిన క్లైవ్ క్యాంబెల్ అను బాలుడు తన కుటుంబముతో అమెరికా వెళ్లి న్యూయార్కు నగరములోని బ్రాంక్సు పేటలో నివసించెను. 1973 ఆగస్టు 11న ఆతని చెల్లెలు, బడికి క్రొత్త బట్టలు కొనుక్కొనుటకు సొమ్ము కావలసి, తాముండు మేడలోని సావడిలో ఒక చిన్న సంబరము చేసెను. బాలికలకు 25 సెంట్లు, బాలురకు 50 సెంట్లు రుసుము. అన్న రికార్డులు వేసెను. పాటలో గానము నిలిచి కేవలము వాద్యములు మ్రోగు భాగము రాగానే జనులు ఉత్సాహముతో ఆడుట ఆతడు గమనించి, అదే రికార్డు ప్రతులు రెండింటిని రెండు ప్లేయర్లపై పెట్టి, ఆ భాగమునే మార్చిమార్చి మ్రోగించు పద్ధతిని పెంపొందించెను. కూల్ హెర్క్ అను పేర ఆతడు ప్రసిద్ధుడయ్యెను. హిప్‌హాప్ అను సంగీతమునకు ఆ రాత్రిని జన్మదినముగా చెప్పుకొందురు. చెల్లెలి బట్టలకు సొమ్ము చాలినదో లేదో చరిత్రకారులు పట్టించుకొన్నట్లు లేదు.

ఎలక్ట్రానిక్ సంగీతమనగా విద్యుత్ తరంగములనే నాదముగా మార్చి చేసిన సంగీతము. దీనికి వీణవలె తీగ లేదు, మద్దెలవలె చర్మము లేదు. “ఇది మనది కాదు” అని తొందరపడకుడు. నేడు మన కచేరీలలో గాయకుని ప్రక్కన శ్రుతి మ్రోగించు చిన్న పెట్టె ఎలక్ట్రానిక్ యంత్రమే. దానిని 1979లో బెంగుళూరునకు చెందిన జి. రాజనారాయణ్ గారు రూపొందించిరి.

ఈ సంగీతపు చరిత్రలో జపాను దేశీయుడైన ఇకుతారో కకెహాషి పేరు మఱువరానిది. రెండేండ్ల ప్రాయముననే తల్లిదండ్రులను కోల్పోయి, పదునారేండ్లకే గడియారములు బాగుచేయు దుకాణము పెట్టుకొన్న ఈయన, 1972లో రోలండ్ అను కంపెనీని స్థాపించెను. 1980లో ఆ కంపెనీ టి.ఆర్. 808 అను దరువు యంత్రమును తెచ్చినది. దాని ధ్వని నిజమైన డోలు ధ్వనివలె లేదని వాద్యకారులు పెదవి విఱిచిరి. సుమారు 12 వేలు మాత్రమే చేసి 1983లో నిలిపివేసిరి. పనికిరాదన్న వస్తువు పాతసామానుల అంగళ్లలో చౌకగా దొరకుట మొదలైనది. చౌక వస్తువు ఎవరి చేతికి చేరును? డబ్బు లేని కుఱ్ఱవాండ్ర చేతికి.

అట్టి కుఱ్ఱవాండ్రలో కొందరు అమెరికాలోని డిట్రాయిట్ నగరమున ఉండిరి. అది మోటారుకార్ల నగరము. ఫోర్డు మొదలగు వారి కర్మాగారములకు పేరుగన్నది. మోటౌన్ అను గొప్ప లేబులును 1959లో బెర్రీ గార్డీ అక్కడనే, కుటుంబమువారి యొద్ద 800 డాలర్లు అప్పు తెచ్చి ప్రారంభించెను. 1972లో అది లాస్ ఏంజిల్సునకు తరలిపోయెను. కార్ల పరిశ్రమయు క్షీణించి, జనులు ఊరు విడిచిపోవుచున్న కాలములో హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అను ముగ్గురు నల్లజాతి యువకులు, ఒకే ఉన్నతపాఠశాల విద్యార్థులు, టెక్నో అను క్రొత్త సంగీతమును రూపొందించిరి. పెద్ద కంపెనీల తలుపు తట్టుటకు వారు వేచియుండలేదు. ఆట్కిన్స్ 1985లో మెట్రోప్లెక్సు అను లేబులును, మే 1986లో ట్రాన్స్‌మాట్ అను లేబులును పెట్టుకొనిరి. సాండర్సనును ఒక లేబులు స్థాపించెను. స్వదేశములో కంటె ఐరోపాలో ఆ రికార్డులకు ఆదరణ హెచ్చెను. 1988లో ఇంగ్లండులో వారి సంగీతమును ఒక సంపుటిగా వెలువరించిరి. అప్పటినుండి ఆ యువకులు రికార్డుల సంచితో సముద్రములు దాటి తిరుగనారంభించిరి. బెర్లిను నగరమున ఈ సంగీతము ఎంతగా వేరూనెననగా, 2024లో జర్మనీ ప్రభుత్వము బెర్లిను టెక్నో సంస్కృతిని తన దేశపు సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చినది.

సొంత లేబులు పెట్టుకొనుట యనగా ఏమి చేయవలెనో చెప్పెదను. సంగీతము కూర్చిన పిమ్మట, లక్కవంటి పూత పూసిన అల్యూమినియపు పలకపై పదునైన ముల్లుతో సన్నని గాడిని చెక్కుదురు. పన్నెండంగుళముల రికార్డు ఒక వైపుననున్న గాడిని విప్పి చాచగలిగినచో సుమారు అర కిలోమీటరు పొడవుండును! ఆ పలకపై వెండి పూత పూసి, నికెలు లోహముతో అచ్చు తీయుదురు. గాడి ఉన్న చోట అచ్చునందు గట్టు ఏర్పడును. రెండచ్చుల నడుమ వేడిచేసిన ప్లాస్టిక్ ముద్ద నుంచి అప్పడమువలె నొక్కినచో రికార్డు తయారగును. నడిమి కాగితపు లేబులు కూడ ఆ నొక్కుటలోనే అంటుకొనును; జిగురు అక్కరలేదు. పూర్వకాలపు 78 వేగపు రికార్డులు మాత్రము మన దేశపు లక్క కలిపి చేసినవి. కలకత్తాలో 1908లోనే గ్రామఫోను కంపెనీ కర్మాగారము పెట్టుటకు అదియొక సౌకర్యము.

చిన్న లేబులు తఱచుగా 300 ప్రతులు వేయించును. ఒక ప్రతికైనను, వేయి ప్రతులకైనను పలక చెక్కుటకు, అచ్చు తీయుటకు అగు వెచ్చము ఒక్కటే. కావున తక్కువ ప్రతులు వేసినకొలది ప్రతి ఒక్కింటికి పడు ఖర్చు హెచ్చును. ఎక్కువ వేసినచో అమ్ముడుపోనివి ఇంటిలో మిగులును. ఈ రెంటి నడుమ చిన్న ప్రకాశకుడు త్రాసుముల్లువలె ఊగుచుండును. మన పద్యకవులు సొంత ఖర్చుతో శతకములు అచ్చువేయించి, అటుకమీది కట్టలను చూచి నిట్టూర్చుట నేనెఱుగుదును. పైగా తన చేతిలో లేని ఆపదలు కొన్ని. చెక్కుటకు వలసిన పూత పలకలను చేయు కర్మాగారములు ప్రపంచములో రెండే యుండెడివి, ఒకటి అమెరికాలో, ఒకటి జపానులో. 2020 ఫిబ్రవరి 6న కాలిఫోర్నియాలోని అపోలో మాస్టర్స్ కర్మాగారము అగ్నికి ఆహుతియయ్యెను. ప్రపంచమందలి లేబులువారందరు ఒక్కసారి ఉలికిపడిరి.

ఇంత శ్రమ ఏల? ఏదైన పెద్ద కంపెనీకి అప్పగింపరాదా యని మీరడుగవచ్చును. ఒక పాటకు రెండు విధములైన హక్కులు కలవు. ఒకటి రచనపై హక్కు, అనగా సాహిత్యము, స్వరకల్పన. రెండవది రికార్డుపై హక్కు, అనగా ఆ ధ్వనిముద్రణపై హక్కు. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము మొదటిది రచయిత జీవితకాలమును, ఆపైన 60 సంవత్సరములును ఉండును. రెండవది ముద్రణ వెలువడిన పిమ్మట 60 సంవత్సరములుండును. కళాకారుడు అవసరమునకు కొంత సొమ్ము తీసికొని రెండవదానిని కంపెనీకి వ్రాసియిచ్చినచో, తరువాత ఆ పాట ఎంత మ్రోగినను రికార్డుకు వచ్చు రాబడి కంపెనీదే. పొలము అమ్మి, ఆ పొలములోనే కూలికి పోవుట వంటిదిది. సొంత లేబులుగలవాడు పొలమును తన పేరనే ఉంచుకొనును; తెగులు వచ్చినను, పంట పండినను తనదే.

ఇక ప్రయాణముల సంగతి. డీజేకు పని ఎక్కువగా శుక్ర, శనివారముల రాత్రులందు. మనము నిద్రించువేళ ఆతడు పనిలో దిగును. ఒక ఊర తెల్లవారు మూడు గంటలకు ముగించి, గదికి పోయి, రెండు గంటలు కన్ను మూసి, ఉదయము విమానమెక్కి, ఆ రాత్రికే మరియొక దేశములో నిలువవలెను. రికార్డులు మోయు దినములలో 80 రికార్డుల సంచి పదునాలుగు కిలోలకు తక్కువ తూగెడిది కాదు. దానిని విమానపు సామానుల గదిలో వేయుటకు భయపడి చంకను వ్రేలాడవేసికొనెడివారు. నేడు వేలకొలది పాటలు బొటనవ్రేలంత పరికరములో ఇముడును. సంచి తేలికయైనది గాని నిద్ర మాత్రము దొరకలేదు. స్వీడను దేశీయుడైన టిమ్ బర్గ్‌లింగ్, ఆవీచీ అను పేర జగత్ప్రసిద్ధుడైన యువకుడు, ఎడతెగని ప్రయాణములతో ఆరోగ్యము చెడి 2016లో సభలు మానుకొనెను. 2018లో ఇరువది యెనిమిదేండ్లకే మరణించెను. చప్పట్లు కొట్టిన లక్షలమందిలో ఒకరైనను ఆతనిని ముందుగా ఇంటికి పంపియుండవలసినదని నాకు తోచును.

చెవి సంగతి అంతకంటె ముఖ్యము. లోపలి చెవిలో శబ్దమును గ్రహించు సన్నని రోమకణములు కలవు. అవి చచ్చినచో మరల మొలవవు. 85 డెసిబెళ్ల శబ్దమును దినమునకు ఎనిమిది గంటలకు మించి వినరాదని నిపుణులందురు. ప్రతి 3 డెసిబెళ్లు హెచ్చినకొలది ఆ వ్యవధి సగము తగ్గును. 88కి నాలుగు గంటలు, 91కి రెండు. లెక్క వేయుడు, 100 డెసిబెళ్లకు పదునైదు నిమిషములే! వివేకులైన డీజేలు తమ చెవికి తగినట్లు చేయించుకొన్న బిరడాలను పెట్టుకొని పనిచేయుదురు. చెవియే పెట్టుబడిగా గలవాడు దానిని కాపాడుకొనకున్న ఏమి తినును?

ఈ సందర్భమున ఒక మాట చెప్పక తప్పదు. మన వీధులలో, పెండ్లి ఊరేగింపులలో, నిమజ్జనములలో బండిపై గుట్టగా స్పీకర్లు పేర్చి, కిటికీ తలుపులు అదురునట్లు మ్రోయించుదానిని కూడ డీజే యనియే పిలుచుచున్నారు. అది విద్య కాదు, బరువు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములను బట్టి నివాసప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు మించరాదు. రాత్రి పది నుండి ఉదయము ఆరు వఱకు మైకులు నిషిద్ధము. హైదరాబాదు పోలీసులు 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపులలో ఈ డీజేలను నిషేధించిరి. నేను సంతోషించితిని. కాని ఆ నిషేధమును చూచి సంగీత విద్యనే తిట్టుట, వంటవాని తప్పునకు వరిని నిందించినట్లుండును.

2020 మార్చిలో కోవిడు వ్యాధి వ్యాపింపగా ప్రపంచమంతట నృత్యశాలలు మూతపడెను. తిరుగుటయే జీవనముగా గలవారు ఇండ్లలో చిక్కుకొనిరి. అప్పుడు సొంత లేబులున్నవారు కొంత నిలదొక్కుకొనిరి. ప్రయాణము నిలిచినను పాట అమ్ముకొనవచ్చును గదా. కళాకారుల సంగీతమును అంతర్జాలమున అమ్మిపెట్టు బ్యాండ్‌క్యాంప్ అను సంస్థ ఆ మార్చి 20న ఒక దినము తన వాటాను వదలుకొని వచ్చిన సొమ్మంతయు కళాకారులకు పోవునట్లు చేసెను. ఆ పద్ధతిని తరువాతి నెలలలోను కొనసాగించెను.

మన దేశములో ఈ సంగీతమునకు చరిత్ర లేకపోలేదు. అహమ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థలో 1969లోనే మూగ్ సింథసైజరు అను యంత్రమును స్థాపించిరి. గీతా సారాభాయి మొదలగు వారు దానిపై చేసిన ప్రయోగముల టేపులు చిరకాలము అలమరలలో పడియుండి, 2023లో రికార్డుగా వెలువడెను. బొంబాయిలో హిందీ సినిమా వాద్యబృందములలో పనిచేయుచు, పెండ్లిండ్లలోను వాయించుచు జీవించిన చరణజిత్ సింగు గారు, సింగపూరులో కొనితెచ్చిన రోలండు యంత్రములపై పది హిందుస్తానీ రాగములను నృత్యపు దరువుతో వాయించి 1982లో ఒక రికార్డు చేసిరి. మన కల్యాణికి, మోహనమునకు, హిందోళమునకు సాటియైన రాగములును అందులో కలవు. ఎవరును కొనలేదు. ఎడో బౌమన్ అను డచ్చి దేశీయుడు ఢిల్లీలోని ఒక పాత రికార్డుల దుకాణములో ఆ ప్రతిని చూచి, విని, ఆశ్చర్యపడి, ఆయనను వెదకి పట్టుకొని, 2010లో తన చిన్న లేబులుపై మరల ప్రచురించెను. డెబ్బదియేండ్లు దాటిన చరణజిత్ గారు ఐరోపాకు పోయి ఆ రాగములను యువకుల యెదుట వాయించిరి. 2015లో ఆయన కీర్తిశేషులైరి. పెద్ద కంపెనీ మఱచిన దానిని చిన్న లేబులు బ్రతికించిన దనుటకు ఇంతకు మించిన నిదర్శనము నాకు తెలియదు.

తెలుగు నేలపై హైదరాబాదునకు చెందిన మూర్తోవిక్ అను డీజే కర్ణాటక సంగీతమును ఈ యంత్రసంగీతముతో మేళవించుటలో పేరొందెను. గణితవేత్త రామానుజన్ స్వప్నములు ఆధారముగా అవినాశ్ కుమార్ కల్పించిన ‘అంతరిక్ష సంచార్’ అను కృతికి ఆతడు సంగీతము కూర్చెను. మన శాస్త్రీయ నృత్యమును, వీడియో ఆటను, యంత్రసంగీతమును ఒకచోట చేర్చిన ప్రయత్నమది.

గత సంవత్సరము నా పేర ఒక చదరపు అట్టపెట్టె తపాలాలో వచ్చినది. విప్పి చూచితిని. అందులో ఒక రికార్డు. దాని నడిమి కాగితముపై తెలుగు లిపిలో ‘కావలి’ అని అచ్చై యున్నది. తోడుగా ఒక చీటి. వెనుక బల్లపై కూర్చుండిన ఆ బాలుడే పంపినాడు! పగలు బెంగుళూరులో ఒక ధ్వనిముద్రణశాలలో ఉద్యోగమనియు, సెలవు రాత్రులందు ఊరూర తిరిగి వాయించుచున్నాననియు, ఇద్దరు మిత్రులతో కలిసి లేబులు పెట్టితిననియు వ్రాసెను. “సార్, 300 ప్రతులు వేయించితిమి. 112 అమ్ముడుపోయినవి. మిగిలినవి నా మంచము క్రింద ఉన్నవి. ఇంకను వృత్తి అయినదో లేదో మీరే చెప్పవలెను” అని చివర నుండెను.

నా ఇంట రికార్డు ప్లేయరు లేదు. ట్రంకు రోడ్డు ప్రక్క సందులోనికి పోయితిని. సాయిబు గారు లేరు. ఆయన మనుమడు షామియానాలు, కుర్చీలు, స్పీకర్లు బాడుగకిచ్చుచున్నాడు. తాతగారి నాలుగు వేగముల ప్లేయరును మాత్రము గుడ్డ కప్పి అటుకపై ఉంచినాడు. దానిని దింపి, దుమ్ము దులిపి, ముల్లును పెద్ద రికార్డుల వైపునకు త్రిప్పి, మెల్లగా దింపెను. మొదట అలల చప్పుడు. తరువాత తుమ్మలపెంట ఒడ్డున వల లాగువారి కేకలు, ఒకటి వెంట ఒకటి. ఆ కేకల ఊపునకే సరిగా, ఎక్కడనో లోతున, యంత్రపు దరువు మొదలైనది. మేమిద్దరము మాటలాడక వింటిమి.

“సార్, ఇందులో పాట ఎప్పుడు వచ్చును?” అని మనుమడు అడిగెను.

“ఇదియే పాట” అంటిని.

ఆతడు కొంచెము సేపు ఆలోచించి, రికార్డును ఎత్తి, అంగీ చేతితో తుడిచి, రెండవ వైపు పెట్టెను.